తెల్ల కాగితం మీద కొన్న భూమి: వచ్చే వాయిదాకు మా నాయన క్రాస్, ఏమేం అడుగుతారు?

డిండివాగు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయన 1994లో మా ఊరి రైతు దగ్గరే రెండెకరాల పది గుంటలు కొన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు. తెల్ల కాగితం మీద రాసుకున్నారు, అమ్మినాయన వేలిముద్ర వేశాడు, ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. అప్పట్లో మా దిక్కు చాలామంది అట్లనే కొన్నారు. నాయన అందులో బోరు వేసి 2003లో బత్తాయి పెట్టాడు. కరెంటు మీటరు నాయన పేరు మీదే ఉంది.

అమ్మినాయన బతికున్నన్నాళ్లు ఒక్క మాట అనలేదు. ఆయన పోయాక పట్టా కొడుకుల పేరు మీదికి ఎక్కింది, పాసుబుక్కులు వచ్చాయి. రేట్లు పెరిగాయి. 2022లో ట్రాక్టరు తెచ్చి మా గట్టు దున్నేశారు. వాళ్లు భూమి జోలికి రాకుండా ఆపమని మేం కోర్టులో ఇంజంక్షన్ దావా వేశాం. వచ్చే వాయిదాకు నాయనను అవతలి వకీలు క్రాస్ చేస్తాడు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తాడు. నాయనకు 68 ఏళ్లు, ఎన్నడూ కోర్టు మెట్లెక్కలేదు. వారం నుంచి నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ భూమి ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ ఎరుకే. ముప్పై ఏళ్లుగా కళ్ల ముందున్న సంగతిని మేమెందుకు రుజువు చేసుకోవాలి? అమెరికాలో పన్నెండు మంది మామూలు మనుషులు కూర్చుని తీర్పు చెబుతారట కదా. మా ఊరివాళ్లు పన్నెండు మందిని కూర్చోబెడితే గంటలో తేలిపోతుంది.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్ | శనివారం, రాత్రి 10:25

బాబూ, నేను నల్లగొండ జిల్లా కోర్టుల్లోనే ఏళ్ల తరబడి పనిచేశాను. ముందు నాన్నగారి భయం సంగతి చూద్దాం. మిగతాది మన వకీలు మిత్రులు చెబుతారు.

ఆ రోజు ఏం జరుగుతుందంటే, అటెండర్ బయటికొచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఆ పిలుపు వినపడేంత దగ్గర్లోనే కూర్చోబెట్టండి, టీ తాగడానికి దూరం పోనివ్వకండి. బోనులో నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. నాన్నగారు చెప్పుకోవలసిందంతా అఫిడవిట్‌గా ముందే వేసి ఉంటారు, దాన్ని చీఫ్ అంటారు. 2002 నుంచి సివిల్ దావాల్లో చీఫ్ ఇట్లా కాగితం మీదే జరుగుతోంది. మన కాగితాలకు ఎ-1, ఎ-2 అని నంబర్లు వేస్తారు. తర్వాత అవతలి వకీలు లేస్తాడు.

అసలు ప్రమాదం ఆ అఫిడవిట్‌లోనే ఉంటుంది. అది చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. కింద సంతకం మాత్రం మనది. ఒక కేసులో ఒక పెద్దాయనను "ఇందులో ఏముందో నీకు తెలుసా?" అని అడిగారు. "నాకేం తెలుసు, వకీలు సాబ్ పెట్టమంటే పెట్టిన" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. కానీ ఆ ఒక్క వాక్యం రికార్డులోకి ఎక్కింది, తీర్పులోనూ కనపడింది. అందుకని వాయిదాకు రెండు రోజుల ముందే మీ వకీలు దగ్గర కూర్చుని, అఫిడవిట్ మొత్తం తెలుగులో చదివించుకోండి. నాన్నగారికి ప్రతి మాటా తెలియాలి. తప్పుంటే అప్పుడే బయటపడుతుంది.

నాన్నగారు తెలుగులో చెప్పినదాన్ని చాలా కోర్టుల్లో ఇంగ్లీషులో టైపు చేస్తారు. చివర్లో చదివి వినిపించమని అడిగే హక్కు సాక్షికి ఉంది. అడగడానికి మొహమాట పడవద్దు.

మిర్యాలగూడ వకీలమ్మ | శనివారం, రాత్రి 11:10

తమ్ముడూ, సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను పదిహేనేళ్లుగా ట్రయల్ కోర్టులో సివిల్ కేసులే చేస్తున్నాను. నీ కాగితాలు చూడలేదు కాబట్టి ఇది సలహా అనుకో, మీ వకీలు మాటే ఫైనల్.

మీ 1994 కాగితాన్ని మా దగ్గర సాదాబైనామా అంటాం. వంద రూపాయలు దాటిన భూమి అమ్మకానికి రిజిస్ట్రేషన్ ఉండాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, ఆస్తి బదిలీ చట్టం చెబుతాయి. అందుకని ఆ కాగితం చూపించి "నేను యజమానిని" అంటే కోర్టు ఒప్పుకోదు. అట్లాగని అది చిత్తు కాగితమూ కాదు. స్టాంపు డ్యూటీ, పెనాల్టీ కడితే వేరే చిన్న ప్రయోజనానికి చూపించవచ్చు. అంటే, మీరు భూమిలోకి ఎట్లా వచ్చారు, ఎప్పటి నుంచి ఉన్నారు అన్నది చెప్పడానికి. పెనాల్టీ పది రెట్ల దాకా పోతుంది, అది కట్టారా లేదా ముందు చూసుకోండి. కట్టకపోతే కాగితం మార్కు చేయకుండానే, అంటే నంబరు వేయకుండానే ఆపేస్తారు.

మీ దావా ఇంజంక్షన్ దావా కాబట్టి జడ్జి గారు చూసే మొదటి సంగతి కబ్జా, అంటే స్వాధీనం. దావా వేసిన రోజున భూమి ఎవరి చేతిలో ఉంది? దానికి ఊరందరికీ తెలుసు అంటే సరిపోదు. 1995 నుంచి 2017 దాకా పాత పహాణీల నకళ్లు తెచ్చుకోండి, భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అని రాసే రెవెన్యూ రికార్డు అది. పట్టాదారు కాలమ్‌లో వాళ్ల నాయన పేరున్నా అనుభవదారు కాలమ్‌లో మీ నాయన పేరు ఉందేమో చూడండి. ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డు వచ్చాక ఆ కాలమ్ కనపడకుండా పోయింది. మన జిల్లాలో సగం కొట్లాటలు అక్కడే పుట్టాయని నా అభిప్రాయం. ఇంకా కరెంటు బిల్లులు, బత్తాయి అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీలు (అమ్మకం చిట్టీలు), బోరు వేసినప్పటి రశీదు తీయండి.

ఇంకో మాట మీ వకీలును అడగండి. అవతలివాళ్లు పాసుబుక్కు చూపించి హక్కే మాదంటున్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా చాలుతుందా అని. 2008లో వరంగల్ స్థలాల కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. హక్కు మీద గట్టి వివాదం ఉంటే డిక్లరేషన్ కూడా, అంటే హక్కు మాదే అని ప్రకటించమని కూడా అడగాల్సి రావచ్చు.

బత్తాయి రైతు | ఆదివారం, ఉదయం 6:15

అన్నా, నేను ఇట్లాంటి కేసే ఓడిపోయిన. ఎందుకు ఓడిపోయిన్నో చెబుతా, మీ నాయనకు పనికొస్తది.

నన్ను హద్దులు అడిగిండు. తూర్పుకు ఎవరిది, పడమరకు ఎవరిది అని. నేను ఇప్పుడున్నవాళ్ల పేర్లు చెప్పిన. దావాలో మాత్రం పాత కాగితం చూసి అప్పటి హద్దులు రాసిండ్రు. మధ్యలో తూర్పు భూమి రెండుసార్లు చేతులు మారింది. "నీ భూమి హద్దులే నీకు తెల్వవు" అన్నడు వకీలు. నేను నోరు తెరిచి "అప్పుడు వాళ్లు, ఇప్పుడు వీళ్లు" అని ఒక్క మాట అంటే అయిపోయేది. గొంతు ఆరిపోయింది. తీర్పులో, వాది చెప్పిన హద్దులు దావా హద్దులతో కలవడం లేదని రాసిండ్రు. ఇరవై ఏండ్లు ఎద్దులతోని తిరిగిన నేల అది.

మీ నాయనను ఒకసారి పొలం చుట్టూ నడిపించు. హద్దు హద్దు దగ్గర నిలబెట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ చెప్పించు.

వనపర్తి పెద్దాయన | ఆదివారం, ఉదయం 8:50

పన్నెండు మంది సంగతి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా పెద్దబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు, అక్కడి పౌరసత్వం వచ్చింది. పౌరులనే జ్యూరీకి పిలుస్తారు. వాడికి ఉత్తరం వచ్చింది, పోయాడు. ఒక దాడి కేసు.

వాడు చెప్పినదాంట్లో నాకు బాగా పట్టింది ఒకటుంది. మొదటి రోజు మొత్తం ప్రశ్నలే అడిగారట. నిందితుడు తెలుసా, ఫిర్యాదుదారు తెలుసా, ఆ వీధిలో ఎప్పుడైనా ఉన్నావా, ఈ కేసు గురించి ఎక్కడైనా చదివావా అని. తెలుసు అన్నవాళ్లలో చాలామందిని ఇంటికి పంపేశారు. మనం అనుకునేదానికి పూర్తిగా ఎదురు. మనం తెలిసినవాళ్లు తీర్పు చెప్పాలంటాం. వాళ్లు ఏమీ తెలియనివాళ్లనే ఏరి కూర్చోబెడతారు. కోర్టులో విన్నది, చూసింది తప్ప ఇంకేదీ లెక్కలోకి తీసుకోకూడదని జడ్జి చెప్పారట. ఇంటికెళ్లి ఫోన్లో కూడా వెతకవద్దన్నారట.

నకిరేకల్ లా విద్యార్థి | ఆదివారం, ఉదయం 10:30

పెద్దాయన చెప్పింది చాలా ముఖ్యమైన సంగతి. ఇంగ్లండులో మొదట్లో జ్యూరీ అంటే ఇరుగుపొరుగే. సంగతి ఎరిగినవాళ్లు కాబట్టే పిలిచేవాళ్లు. కాలక్రమేణా అది తలకిందులైంది, ఎరిగినవాళ్లు సాక్షులయ్యారు, ఎరగనివాళ్లు జ్యూరీ అయ్యారు.

మన దేశంలోనూ బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి కొన్ని సెషన్స్ కేసుల్లో జ్యూరీ ఉండేది. అందరూ చెప్పుకునేది నానావతి కేసు. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి ఒకరు భార్య ప్రియుణ్ని కాల్చి చంపాడు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేక సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు పంపాడు. హైకోర్టు దోషి అంది, 1961లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని చాలామంది అనుకుంటారు. అంతకుముందే, 1958లోనే, లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని తీసేయమని చెప్పింది. చివరికి 1973 నేర విచారణ చట్టంలో జ్యూరీకి చోటు లేకుండా పోయింది, అది 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పార్శీల విడాకుల కేసుల్లో మాత్రం అట్లాంటి ఛాయ ఒకటి మిగిలింది.

నా మట్టుకు జ్యూరీ మళ్లీ రావాలనే ఉంది. తీర్పులో మామూలు మనిషి మాట కూడా ఉండాలి. ఇప్పుడు కోర్టు భాషే రైతుకు అర్థం కాదు.

పాలమూరు టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:05

తమ్ముడూ, నేను ఒప్పుకోను. కారణం నా అనుభవం.

మా మండలంలో జరిగిన ఒక దొంగతనం కేసులో పోలీసులు నన్ను పంచనామా సాక్షిగా పెట్టారు. సామాను నా కళ్ల ముందే దొరికింది. నాతోపాటు ఇంకో సాక్షి ఉన్నాడు, కూలి మనిషి. కోర్టు పిలుపు వచ్చేసరికి మూడేళ్లు గడిచాయి. అతను ముంబైకి వలస పోయాడు, సమన్లు అందలేదు. నిందితుడి బంధువులు మా ఇంటికి నాలుగుసార్లు వచ్చారు. బెదిరించలేదు, బతిమాలారు. పిల్ల పెళ్లి ఉంది సార్ అన్నారు. మా స్టాఫ్‌రూములో కూడా "మీకెందుకు సార్" అన్నవాళ్లే ఎక్కువ. నేను పోయి చూసింది చూసినట్టు చెప్పాను. కానీ ఆ రోజులు ఇంట్లో ఎట్లా గడిచాయో నాకు తెలుసు. చూసింది చెప్పలేక మాట మార్చే సాక్షుల మీద నాకు కోపం రాదు.

ఒక్క సాక్షి మీదే ఇంత ఒత్తిడి ఉంటే, తీర్పు చెప్పే పన్నెండు మంది ఊళ్లోనే ఉంటే ఏమవుతుంది? డిండివాగు గారూ, మీ ఊళ్లో పన్నెండు మందిని కూర్చోబెట్టాలంటున్నారు. అందులో అమ్మినాయన కులంవాళ్లు ఎంతమంది, మీవాళ్లు ఎంతమంది, వాళ్ల దగ్గర అప్పు ఉన్నవాళ్లు ఎంతమంది? పెద్దమనుషుల పంచాయితీలో గెలిచేది ఎవరో మనం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం.

డిండివాగు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

సార్, మీరు లెక్క అడిగితే కూర్చుని చూసుకున్నాను. మాది ఆ ఊళ్లో నాలుగిండ్లు. వాళ్లవి అరవై. నేను అట్లా ఎన్నడూ ఆలోచించలేదు. 2022లో పంచాయితీ పెట్టినప్పుడు కూడా "సగం సగం తీసుకోండి" అన్నారు. డబ్బంతా కట్టిన భూమిలో సగం ఎందుకివ్వాలని నాయన లేచి వచ్చేశాడు.

అక్కా, స్టాంపు డ్యూటీ, పెనాల్టీ కట్టాం, కాగితం మార్కు అయింది. కానీ అది మేం తర్వాత పుట్టించిన కాగితమని వాళ్లు అంటున్నారు. సాక్షుల్లో ఒకాయన చనిపోయాడు, ఇంకొకాయన పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ట్రాక్టరుతో గట్టు దున్నినప్పుడు నా ఫోన్లో వీడియో తీశాను, అది పనికొస్తుందా?

మిర్యాలగూడ వకీలమ్మ | ఆదివారం, సాయంత్రం 4:45

ముందు వేలిముద్ర. సంతకం కన్నా వేలిముద్ర ఉండడం మీ అదృష్టం. అమ్మినాయన వేరే ఎక్కడైనా వేలిముద్ర వేశాడా? రిజిస్టర్ అయిన దస్తావేజు, సొసైటీ లోను కాగితం ఏదైనా ఉంటే రెండింటినీ పోల్చమని నిపుణుడికి పంపించేందుకు పిటిషన్ వేయవచ్చు. సంతకాల మీద నిపుణులే ఒకరికొకరు పడరు, వేలిముద్ర మీద అంత తేడా రాదు.

పుణె సాక్షిని ఎట్లాగైనా రప్పించండి. సాక్షులు ఇంతమందే ఉండాలని చట్టం ఎక్కడా చెప్పదు. తొణకకుండా చెప్పిన ఒక్క సాక్షి చాలు, పది మంది ఒకే పాట పాడితే జడ్జికి అనుమానమే వస్తుంది.

వీడియోకు సర్టిఫికెట్ కావాలి. ఏ ఫోనుతో తీశారు, ఎట్లా కాపీ చేశారు, అందులో మార్పు లేదు అని రాసిచ్చేది. పాత సాక్ష్య చట్టంలో అది 65బి, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63. మీ కేసుకు ఏది వర్తిస్తుందో మీ వకీలు చూస్తారు. సర్టిఫికెట్ తప్పనిసరని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అసలు ఫోను మాత్రం అమ్మేయకు, ఫార్మాట్ చేయకు.

చాలామంది కమిషనర్‌ను, అంటే భూమి చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే మనిషిని వేయిద్దాం అంటారు. కబ్జా ఎవరిదో తేల్చడానికి కమిషనర్‌ను వేయరు. హద్దులు కొలవడానికి, చెట్లూ బోరూ ఎక్కడున్నాయో రాయడానికి వేస్తారు. 2003 నాటి బత్తాయి మొదళ్లు ఎవరూ రాత్రికి రాత్రి పుట్టించలేరు కదా, అది అడిగి చూడండి.

ఇంకొకటి, మీది 1994 కాగితం కావడం ముఖ్యం. రాతపూర్వకంగా ఒప్పుకుని, డబ్బు తీసుకుని, భూమి అప్పగించిన తర్వాత వెనక్కి లాక్కోకుండా ఆస్తి బదిలీ చట్టం 53ఎ అడ్డుపడుతుంది. 2001 సెప్టెంబర్ 24 నుంచి దానికి రిజిస్ట్రేషన్ కావాలన్నారు, అంతకుముందు కాగితాలకు ఆ షరతు లేదు. మీ వకీలుతో దీని గురించి కూర్చుని మాట్లాడు. 2020లో సాదాబైనామాను క్రమబద్ధీకరించమని దరఖాస్తు పెట్టారా? పెట్టి ఉంటే ధరణి బదులు వచ్చిన భూభారతి చట్టం 6వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గర దాని సంగతి కూడా కనుక్కో.

నకిరేకల్ లా విద్యార్థి | ఆదివారం, రాత్రి 8:10

టీచర్ గారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఊళ్లో జ్యూరీ అనుకున్నప్పుడు కులం సంగతి మర్చిపోయాను, అది తప్పే. కులాంతర పెళ్లి చేసుకున్నందుకు మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న జరిగిన ప్రణయ్ హత్యే చూడండి. గర్భవతి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకొచ్చి తిరిగి వెళ్తుంటే అందరి ముందూ నరికారు. ఆ రోజుల్లో మన జిల్లాలో మనుషులు ఎట్లా రెండుగా చీలి మాట్లాడారో నాకు గుర్తుంది. సీసీ కెమెరాలో అంతా కనపడింది కాబట్టి చూడలేదని ఎవరూ అనలేకపోయారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఆరున్నరేళ్లు పట్టింది.

డిండివాగు అన్నా, ఇంకో తేడా కూడా నాయనకు చెప్పు, కొంచెం ధైర్యం వస్తుంది. క్రిమినల్ కేసులో సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. సివిల్ దావాలో అంత అక్కర్లేదు. రెండు కథల్లో ఏది జరిగి ఉండడానికి ఎక్కువ వీలుందో దానివైపు త్రాసు మొగ్గితే చాలు.

కోర్టు భాష గురించి నేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. పైకోర్టులో వీలైనప్పుడు కింద కోర్టులో సాక్షి చెప్పిన మాట సాక్షి భాషలోనే ఎందుకు ఉండకూడదు?

రిటైర్డ్ బెంచ్ క్లర్క్ | ఆదివారం, రాత్రి 9:30

భాష మాట నిజం. నిజాం కాలంలో ఇక్కడి కోర్టు భాష ఉర్దూ, మా సీనియర్లు ఆ ఫైళ్లు చదివేవాళ్లు. పహాణీ, పట్టా, నకలు, పేషీ అన్నీ అప్పటి మాటలే. ఏలినవాళ్లు మారారు, రైతుకు మాత్రం కాగితంలో ఏముందో ఇంకొకరు చదివి చెప్పాల్సిందే.

నాన్నగారికి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. అడిగినదానికే జవాబు. తెలియకపోతే "తెలియదు", గుర్తు లేకపోతే "గుర్తు లేదు". ఈ రెండూ ఒకటి కావు. తేదీ గుర్తు లేకపోతే ఊహించి చెప్పవద్దు. చివర్లో వకీలు వరసగా కొన్ని మాటలు అంటాడు. "ఆ భూమి నువ్వు కొననే లేదు", "కాగితం దొంగది", "నువ్వెప్పుడూ కబ్జాలో లేవు" అని. వాటిని సజెషన్లు అంటారు. అవి తిట్లు కావు, వాళ్ల కేసు చెప్పడం అంతే. కోపం తెచ్చుకుని ఊరుకోకూడదు. ప్రతిదానికీ "నిజం కాదు" అనాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు వాదించే వీలుంటుంది.

డిండివాగు | తర్వాతి వారం, గురువారం, రాత్రి 10:15

అందరికీ దండాలు. ఈ రోజు క్రాస్ అయిపోయింది. నలభై నిమిషాలు పట్టింది.

బత్తాయి రైతు అన్నా, మొదటి ప్రశ్నే హద్దులు. సోమవారం పొద్దున నాయనను పొలం చుట్టూ నడిపించాను. తూర్పుకు ఎవరిదంటే నాయన పాత పేరు చెప్పి, "ఆయన కొడుకు అమ్ముకున్నడు సార్, ఇప్పుడు ఫలానా ఆయనది" అన్నాడు. వకీలు ఇంక హద్దుల జోలికి పోలేదు. పాసుబుక్కు నీ పేరు మీద ఉందా అంటే లేదన్నాడు. రిజిస్టర్ అయిందా అంటే కాలేదన్నాడు. అఫిడవిట్‌లో ఏముందో తెలుసా అని కూడా అడిగాడు. నాయన మొదటి నుంచీ చెప్పుకుంటూ పోతుంటే జడ్జి గారే "చాలు" అన్నారు.

ఒక దగ్గర తప్పింది. ఎంతకు కొన్నావంటే పద్దెనిమిది వేలన్నాడు. కాగితంలో పదహారు వేలుంది. ఆ రెండు వేలు తర్వాత ఎద్దుల జత అమ్మి ఇచ్చాడు, కాగితంలో ఎక్కలేదు. ఇది అఫిడవిట్‌లో కూడా లేదు, నాకూ ఇవ్వాళే తెలిసింది. ఇంటికొచ్చేదాకా నాయన అదే అనుకుంటూ వచ్చాడు. బస్సులో రెండుసార్లు నా చేయి పట్టుకుని "చెడగొట్టిన్నా బిడ్డా" అన్నాడు.

మిర్యాలగూడ వకీలమ్మ | గురువారం, రాత్రి 10:50

చెడగొట్టలేదని చెప్పు. ముప్పై ఏళ్ల కిందటి సంగతిలో ఇంత తేడా రావడం సహజమే. మీ వకీలు రీ-ఎగ్జామినేషన్ అడిగారా? క్రాస్‌లో వచ్చిన గజిబిజి సర్దడానికే అది ఉంది. ఇవ్వాళ అడగకపోతే కోర్టు అనుమతితో మళ్లీ పిలిపించే వీలుందేమో రేపే మాట్లాడు. పుణె సాక్షికి ఆ రెండు వేల సంగతి తెలుసా? తెలిస్తే తనంతట తనే చెప్పనివ్వు. మీరు నేర్పితే క్రాస్‌లో దొరికిపోతాడు.

డిండివాగు | గురువారం, రాత్రి 11:05

అడగలేదక్కా, రేపు పొద్దునే పోతాను. పుణె ఆయనకు ఇప్పుడే ఫోన్ చేశాను, ఆ రెండు వేల మాట ఎత్తలేదు. నువ్వు చూసింది చెబితే చాలన్నాను. శనివారం మేస్త్రీని సెలవు అడుగుతానన్నాడు. టికెట్ నేనే తీస్తున్నాను. నాయన ఇంకా పడుకోలేదు. మీరు రాసింది చదివి వినిపిస్తే, ఎద్దులు కొన్నాయన ఇంకా బతికే ఉన్నాడు, కొండమల్లేపల్లిలో ఉంటాడు అంటున్నాడు.